భాగ్యమ్మ నాలుగు గజాలు

నేను తొందరగా నోరెళ్లబెట్టే మనిషిని కాను. ఆర్టీఏ ఆఫీసు ముందు ఒక బల్ల, రెండు స్టూళ్లు, పైన ఒక పెద్ద గొడుగు వేసుకుని పదకొండేళ్లుగా లైసెన్సు ఫారాలు నింపిపెడుతున్నాను. డ్రైవింగు పరీక్ష జరిగే ట్రాకు నా బల్లకు ఎదురుగానే, ఇనుప జాలీకి అవతల ఉంటుంది. కాలు మీద కాలేసుకుని మాట్లాడే పెద్దమనుషులు రివర్సు గేరు వేయగానే చెమటలు కక్కడం రోజూ చూస్తాను. కర్రలు పడగొట్టి, తప్పంతా బండిదేనని గొడవపడేవాళ్లనూ చూస్తాను. చూసీ చూసీ నాకు మనుషుల మీద పెద్దగా ఆశ్చర్యం మిగల్లేదు. అలాంటిదాన్ని మా చిన్నమ్మ భాగ్యమ్మ దగ్గర ఓడిపోయాను. ఆ సంగతి చెబుతాను.

చిన్నమ్మ అంటే రక్తసంబంధం కాదు. శంషాబాద్ పక్క మా ఊళ్లో వాళ్లిల్లు మా ఇంటికి మూడిళ్ల అవతల. ఆమె భర్త సత్తయ్య, నాకు చిన్నాయన, లారీ డ్రైవరు. ఇరవయ్యారేళ్లలో ఈ దేశంలో ఆయన తిరగని రోడ్డు లేదు. ఆ ఇరవయ్యారేళ్లూ చిన్నమ్మ శంషాబాద్ సంత, బుద్వేల్‌లో చెల్లెలి ఇల్లు దాటి ఎరగదు. ఆయన ఇంటికి వచ్చిన రోజు అన్నం తింటూ ఊళ్ల ముచ్చట్లు చెప్పేవాడు. నాసిక్ ఉల్లిగడ్డ మార్కెట్టు, రాజస్థాన్‌లో ఒంటె బళ్లు, అస్సాం దారిలో లారీకి అడ్డంగా నిలబడి కదలని ఏనుగు. ఈమె చేతిలో గరిటెతో గుమ్మంలో నిలబడి వినేది. ఎప్పుడూ నిలబడే. కూర్చుంటే ఇల్లు ఆగిపోతుందన్నట్టు ఉండేది.

రెండు వేల ఎనిమిదిలో ఎయిర్‌పోర్టు తెరిచారు. మా భూములు ఎలా పోయాయన్నది ఈ చుట్టుపక్కల ప్రతి ఇంట్లో ఉన్న కథే, ఇక్కడ మళ్లీ చెప్పను. అది కట్టినన్నాళ్లు పనివాళ్లను తిప్పిన ఒక పాత మెటడోర్ వ్యానును కాంట్రాక్టరు వదిలించుకుంటుంటే చిన్నాయన కొనుక్కొచ్చాడు. వీధి వీధంతా ముక్కున వేలేసుకుంది. ఇంటి పైకప్పు కురుస్తుంటే అది బాగుచేయించుకోకుండా ఈ డొక్కు బండి ఎందుకని నేనూ మొహం మీదే అడిగేశాను.

“ఇంటికి కాళ్లు లెవ్వు బిడ్డా. దీనికున్నయి,” అన్నాడాయన. “మీ చిన్నమ్మను దీంట్ల కూసోబెట్టుకొని దేశం జూపిస్త.”

కాటేదాన్‌లో మొయిజ్ అన్న షెడ్డులో రెండు నెలలు ఉంది ఆ వ్యాను. మొయిజ్ బస్సులకూ వ్యాన్లకూ బాడీలు కట్టే మేస్త్రీ. ఇంజను పని కూడా తెలుసు. బండి తిరిగి వచ్చిన రోజు వెక్కిరిద్దామనే వెళ్లాను. లోపలికి ఎక్కాక వెక్కిరించడానికి మాట రాలేదు. పగలు కూర్చునే బల్ల, పొద్దుగూకాక మడత విప్పితే మంచం. దాని కింద బియ్యానికి, పప్పులకు అరలు. కుదుపుకు గిన్నె జారకుండా స్టవ్వు చుట్టూ ఇనుప పట్టీ. పైన నీళ్ల డ్రమ్ము, దాని నుంచి గొట్టం, గొట్టానికి ఇత్తడి నల్లా. కిటికీలకు చిన్నమ్మ పాత చీరతో కుట్టిన పరదాలు. దేవుడి పటానికి కూడా ఒక చిన్న గూడు. మా మూడు గదుల ఇంట్లో ఏ వస్తువుకూ చోటు చాలదు. ఇక్కడ చూస్తే అన్నిటికీ చోటుంది, ఇద్దరు మనుషులతో సహా.

ఆ ఏడు దసరాకు బండికి పూజ చేసి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి తొక్కించి బయలుదేరారు. మళ్లీ శివరాత్రికి వచ్చారు. శ్రీశైలం ఘాట్లు, కృష్ణ ఒడ్డు, బాపట్ల సముద్రం అన్నీ చూశారు. చిన్నమ్మ రంగు తగ్గి, మాట పెరిగి వచ్చింది.

“సముద్రం ఎట్లున్నది చిన్నమ్మా?” అని అడిగాను.

“సముద్రం ఉండనియ్యి. బండిల నేను మీ చిన్నాయన పక్కపొంటి కూసున్న బిడ్డా, నాలుగు నెలలు. లగ్గమైనంక గంత సేపు కూసున్నది గప్పుడే.”

దేశం చూసి రమ్మంటే ఈమె చూసి వచ్చింది ఇది.

చలికాలం తిరగడం, ఎండలకూ వానలకూ బండిని ఊళ్లో పెట్టడం అన్నది వాళ్ల పద్ధతి అయింది. వానాకాలం చిన్నాయన మళ్లీ కిరాయి లారీ తోలడానికి పోయేవాడు. బండిని పెట్టడానికి వాళ్లకు మిగిలిన చేను గట్టు మీద కోళ్లు లేని కోళ్ల షెడ్డు ఒకటి ఉంది. మొదటి వానాకాలంలోనే కొంప మునిగింది.

యాసంగి విత్తనానికని దాచిన పల్లికాయ పదకొండు బస్తాలు ఇంట్లో ఉన్నాయి. ఇల్లేమో కురుస్తోంది. విత్తనం తడిస్తే పనికిరాదు. అక్కడ షెడ్డులో చుక్క నీరు దిగని, తాళం పడే గది ఒకటి ఖాళీగా ఉంది. వ్యవసాయం ఇంటి ఆడది ఏం చేస్తుంది? పదకొండు బస్తాలూ వ్యానులోకి చేర్చింది. పొడిగా ఉన్న చోటును ఖాళీగా ఉంచడం మావాళ్లకు చేతకాదు. ఆమె చోట నేనున్నా అదే చేసేదాన్ని.

పల్లికాయ వెంట ఎలుకలు వచ్చాయి. పల్లీలు తిన్నాయి, పరుపు తిన్నాయి, పరదాలు తిన్నాయి, చివరికి ఇంజను వైర్లు కూడా కొరికి పెట్టాయి. బస్తాల బరువుకు బండి కింది కమాను పట్టీలు కుంగిపోయాయి. నాలుగు నెలలు ఒక్క చోటే మోసిన టైర్లు అడుగున చదునైపోయాయి. దసరాకు చిన్నాయన వచ్చి తాళం తిప్పితే బండి కిక్కురుమనలేదు. ఆ ఏడు ప్రయాణం పోయింది. ఆయన ఒక్క మాట అనలేదు. అని ఉంటే బాగుండేది. చిన్నమ్మ రెండు రోజులు అన్నం ముట్టలేదు.

బాగుచేయడానికి వచ్చిన మొయిజ్ అన్న మాత్రం మొహమాటపడలేదు. “అక్కా, నిలబడ్డ బండి సామాను నింపే అర్ర కాదు, జానవర్. గొడ్డు లెక్క కట్టేసి మరిస్తే ఖరాబైతది. ఎనిమిది రోజులకొకపారి ఇంజన్ చాలూ జెయ్యాలె. జర ముంగటికి, జర ఎన్కకు కదపాలె. టైరు ఒక్క తాన నిలవొద్దు. ట్యాంకి ఎప్పుడు నిండుగుండాలె, ఖాళీగుంటే లోపల చెమ్మ పడ్తది.”

“ఎట్ల కదపాలె? నాకు జూపియ్యి,” అంది చిన్నమ్మ.

మొయిజ్ నవ్వాడు కానీ కాదనలేదు. సత్తయ్య లారీ మీద పోతే బండి దగ్గర మిగిలేది ఈమే కదా. ఒక పూట కూర్చోబెట్టి రెండే రెండు గేర్లు చూపించాడు. ఒకటి మొదటి గేరు, రెండోది రివర్సు. షెడ్డులో అంతకు మించి అవసరం ఏముంటుంది?

అప్పటి నుంచి నాలుగు వానాకాలాలు ఆ బండికి జరిగిన సేవ నేను కళ్లారా చూశాను. శివరాత్రి వెళ్లగానే చిన్నమ్మ డ్రమ్ము దించి బోర్లించేది. సిలిండరు ఇంట్లోకి చేరేది, పరుపు ఎండకెక్కేది, అరల్లో వేపాకు పరుచుకునేది. తినే గింజ అన్నది లోపల ఒక్కటి ఉండటానికి వీల్లేదు. ఒకసారి నేను అందులో కూర్చుని పుట్నాలు నములుతుంటే చెవి పట్టుకుని దింపేసింది. ఎలుకలు దూరకుండా పొగ గొట్టంలో గుడ్డ ఉండ కుక్కేది. ఆ ఉండకు తాడు కట్టి, ఆ తాడుకే బండి తాళం చెవి కట్టేది. గుడ్డ బయటికి లాగితే తప్ప చెవి అందదు.

“ఇది ఎవరు నేర్పిన్రు?” అని అడిగాను.

“ఎవలు నేర్పుతరు? ఒకపారి గుడ్డ తియ్య మరిచిన. గంతే,” అంది.

షెడ్డులో సగం వరిగడ్డి. మిగిలిన సగంలో బండి కదలడానికి నాలుగు గజాల చోటుంది. రెండు పక్కలా స్తంభాలకూ బండికీ మధ్య జానెడు సందు. ముందు ఎక్కడ ఆపాలో తెలియడానికి దూలానికి నిమ్మకాయ, మిరపకాయల దండ వేలాడదీసింది. అది ముందు అద్దానికి తగిలితే ఆపాలి. వెనక వైపు చిన్నాయన పాత చెప్పు కట్టింది. అది వెనక అద్దం మీద టక్కుమంటే ఆపాలి. దిష్టికి దిష్టి, కొలతకు కొలత.

ప్రతి గురువారం పొద్దున వాకిలి ఊడ్చి, స్నానం చేసి షెడ్డుకు పోయేది. నాలుగు గజాలు ముందుకు, నాలుగు గజాలు వెనక్కు. మొదట్లో ఒకసారి కదిపి వచ్చేసేది. తర్వాత తర్వాత పది సార్లు, ఇరవై సార్లు, స్టీరింగు కూడా తిప్పి ఒకసారి ఈ స్తంభం వైపు, ఒకసారి ఆ స్తంభం వైపు. అంతసేపు ఏం చేస్తోందో నాకు అర్థమయ్యేది కాదు. ఆటపట్టించేదాన్ని.

“చిన్నమ్మా, ఇయ్యాల యాడిదాక పోయొచ్చినవ్?”

“చెప్పు దాక,” అనేది, పెదవి మీద నవ్వు కూడా లేకుండా.

మధ్యలో చలికాలాలు బాగానే గడిచాయి. గోదావరి ఒడ్డు చూశారు, మేడారం జాతర చూశారు, హంపి రాళ్ల మధ్య పది రోజులు ఉండి వచ్చారు. రెండు వేల పదమూడు శివరాత్రికి తిరిగి వస్తూ చిన్నాయన బండిని ఒక మైలురాయికి గీకించాడు. ముప్పై ఏళ్లు లారీ తోలిన మనిషి. రాయి కనపడలేదన్నాడు. షుగరు కళ్లకు ఎక్కిందని కంటి దవాఖానలో చెప్పారు. ఇక స్టీరింగు పట్టొద్దన్నారు. ఎండాకాలం అయ్యేసరికి ఆయనకు మనుషులు నీడల్లా మిగిలారు. లారీ మానేసి, మంచం మీద కూర్చుని, వచ్చేపోయే విమానాలను చప్పుడుతో గుర్తుపట్టడం మొదలుపెట్టాడు.

ఆ వానాకాలంలో బుద్వేల్ నుంచి రాములు అని ఒకాయన వచ్చాడు. వ్యానును టిఫిన్ల బండి చేసుకుంటానన్నాడు. స్టవ్వు, నల్లా ముందే ఉన్నాయని మురిసిపోయాడు. దీపావళి వెళ్లగానే తీసుకుపోతానన్నాడు. చిన్నాయన సరేనన్నాడు. చిన్నమ్మ ఆయనకు చాయ్ ఇచ్చి లోపలికి వెళ్లిపోయింది.

ఆ మరుసటి గురువారం చిన్నాయన నన్ను పిలిచాడు. “ఒకపారి షెడ్డు కాడికి తోల్కపో బిడ్డా. అమ్మేముందు బండి మీద చెయ్యేసి వస్త,” అన్నాడు. చెయ్యి పట్టుకుని తీసుకుపోయి షెడ్డు బయట గడ్డిమోపు మీద కూర్చోబెట్టాను. లోపల ఇంజను నడుస్తోంది. బండి ముందుకు కదిలింది, ఆగింది, వెనక్కు కదిలింది.

ఆయన తల పక్కకు తిప్పి విన్నాడు. చాలాసేపు విన్నాడు.

“మొయిజ్ వచ్చిండా?”

“లేదు చిన్నాయనా.”

“మరి తోలుతున్నదెవలు?”

“చిన్నమ్మే.”

“మజాక్ జెయ్యకు. క్లచ్చి ఎక్కడ ఇడుస్తున్నరో నాకే ఎరుకైతలేదు. గట్ల ఇడవనీకె నాకు పదేండ్లు పట్టింది.”

లేచి, గోడ తడుముకుంటూ లోపలికి నడిచాడు. వెనక్కు జరుగుతున్న బండి రేకు మీద అరచెయ్యి పెట్టాడు. బండి ఆ చెయ్యి కింద నుంచి మెల్లగా, ఒక్క కుదుపు లేకుండా జారుతూ పోయింది. చెప్పు టక్కుమంది. ఇంజను ఆగింది. చిన్నాయన కళ్లు తుడుచుకున్నాడు. నాలుగేళ్లుగా నేను నవ్వుకున్నది దీన్ని చూసే కదా అని నాకు సిగ్గేసింది.

చిన్నమ్మ దిగి వచ్చి ఆయన ఎదురుగా నిలబడింది. “బండి అమ్మకు. నేను తోల్త,” అంది.

“నాలుగు గజాలు తోలుడు వేరు, రోడ్డు వేరు. లైసెన్సేది?”

“ఇంట్ల ముప్పై ఏండ్లు నిలబడ్డ. గా బండిలనే కూసున్న, నీ పక్కపొంటి. దాన్ని ఇచ్చేసి మళ్ల పోయి నిలబడుమంటవా?”

ఆమె గొంతు పెంచలేదు. కానీ అంత పొడుగు మాట ఆమె ఆయనతో అనడం నేను ఎన్నడూ వినలేదు. ఆఖరికి ఇద్దరూ ఒక మాటకు వచ్చారు. దీపావళి లోపు లైసెన్సు వస్తే బండి ఉంటుంది. రాకపోతే బుద్వేల్ పోతుంది.

లైసెన్సు అంటే నా పని. ఫారం నింపాను. రోడ్డు గుర్తుల బొమ్మలు పది రోజులు పొద్దున సాయంత్రం చూపించి ప్రాణం తీశాను. చిన్నమ్మ చదివింది ఐదో తరగతే అయినా ఒక్క బొమ్మ తప్పలేదు, లర్నింగు లైసెన్సు వచ్చింది. నెల ఆగాలి; ఆ నెల మొయిజ్ అన్నకు తీరిక లేక ఆమె సాధనంతా షెడ్డులోనే. అక్టోబరులో ఒక గురువారం అసలు పరీక్ష. మొయిజ్ అన్న బండి నడిపి తెచ్చాడు. చిన్నాయన నా బల్ల పక్క స్టూలు మీద కూర్చున్నాడు.

ఇన్‌స్పెక్టరు గారిది కోస్తా వైపు. మాట మర్యాదగా ఉంటుంది, పరీక్షలో కనికరం ఉండదు. బండిని చూసి ఆగిపోయాడు. “ఏమ్మా, ఇంత పెద్ద బండి తెచ్చారేంటి? చిన్న కారు తెచ్చుకుంటే తేలికయ్యేది కదా?”

“నాకు ఇదొక్కటే వస్తది సారూ,” అంది చిన్నమ్మ.

పరీక్ష ఏమిటంటే, కర్రలు పాతిన ఇరుకు దారిలోకి వెళ్లాలి. అక్కడి నుంచి రివర్సులో వంపు తిరిగి ఒక సందులోకి చొరబడాలి. బయటికి వచ్చి మళ్లీ వెనక్కే ఇంకో సందులోకి పోవాలి. ఒక్క కర్ర తగలకూడదు. చిన్నమ్మ బండి ఎక్కబోతూ జాలీ దగ్గరికి వచ్చి నన్ను పిలిచింది.

“శిరీషా, ఈడ చెప్పు యాడ కట్టిన్రు?”

“ఇక్కడ చెప్పుండదు చిన్నమ్మా.”

ఆమె మొహం పాలిపోయింది. వెళ్లి సీట్లో కూర్చుంది. చీర కొంగు నడుముకు దోపుకుంది. ఇరవై లెక్కపెట్టి తాళం తిప్పింది.

తర్వాత జరిగింది నేను ఎంతమందికి చెప్పినా తనివి తీరదు. అంత పెద్ద బండి రివర్సులో, రెండు వరసల కర్రల మధ్యకు, తన ఇంట్లోకి తాను పోయినట్టు పోయింది. చిన్నమ్మ తల పదేపదే తిప్పలేదు. ఒక్కసారి ఎడమ అద్దం చూసింది, ఒక్కసారి కుడి అద్దం చూసింది. చివరి కర్రకు జానెడు దూరంలో ఆగింది. ఇన్‌స్పెక్టరు గారు వంగి ఆ సందును చేత్తో కొలిచాడు. రెండో సందు చూపించాడు. అక్కడా జానెడే.

“మళ్లీ ఒకసారి చేయండమ్మా,” అన్నాడు.

మళ్లీ చేసింది. మళ్లీ జానెడు. వరుసలో నిలబడ్డ కుర్ర డ్రైవర్ల కబుర్లు ఆగిపోయాయి. చాయ్ అమ్మే ఆయన గ్లాసులు పట్టుకుని అలాగే నిలబడ్డాడు. నేను స్టూలు మీద నుంచి ఎప్పుడు లేచానో నాకే తెలియదు. “ఏమైందే, ఏమైంది?” అని చిన్నాయన నా కొంగు లాగుతున్నాడు.

“ఇక రోడ్డు మీదికి పోనివ్వండి,” అన్నాడు ఇన్‌స్పెక్టరు గారు, పక్క సీట్లో కూర్చుని.

బండి గేటు దాటింది. దాటి, అదే నడకన, ఇంజను గీపెడుతుండగా పోతూనే ఉంది. సైకిలు మీద ఒక పాలాయన దాన్ని దాటుకుని పోయాడు. తిరిగి వచ్చాక ఇన్‌స్పెక్టరు గారు దిగి, చెమట తుడుచుకున్నాడు.

“గేరు మార్చమంటే మార్చరేంటమ్మా?”

“రెండోది నేను ఎన్నడు ముట్టలే సారూ.”

“ఎన్నాళ్లుగా నడుపుతున్నారు?”

“నాలుగేండ్లు.”

“ఎక్కడ?”

“షెడ్డుల.”

ఆయన నవ్వుతాడనుకున్నాను, నవ్వలేదు. “రివర్సు నేను ఇంతవరకు ఇలా చూడలేదు. కానీ రోడ్డు రోడ్డే. వచ్చే గురువారం రండి. మిగతా గేర్లు నేర్చుకుని రండి,” అన్నాడు.

దీపావళి పది రోజులు కూడా లేదు.

ఆ వారమంతా తెల్లారగానే ఎయిర్‌పోర్టు పక్కన సర్వీసు రోడ్డు మీద నేర్చుకోవడం. చిన్నాయన చిన్నమ్మ సీట్లో, చిన్నమ్మ ఆయన సీట్లో, మధ్యలో వంగి మొయిజ్ అన్న, వెనక పలక మీద నేను. మొయిజ్ “ఇప్పుడు! ఇప్పుడు మార్చు అక్కా!” అని అరుస్తుంటే చిన్నమ్మ గేరు కేసి చూసేది, బండి గట్టు కేసి పోయేది. రెండో రోజుకు మొయిజ్‌కు తల ప్రాణం తోకకొచ్చింది.

అప్పుడు చిన్నాయన అన్నాడు. “నువ్వు జర ఊకో మొయిజ్. భాగ్యా, గేరును చూడకు. రోడ్డు చూడు, చెవులు ఇటియ్యి. ఇను. ఇంజన్ మొత్తుకుంటున్నది గద, ఇంకోటి అడుగుతున్నది. ఇగ మార్చు.”

మార్చింది. బండి ఒక్క క్షణం ఊపిరి తీసుకుని, సాఫీగా సాగింది. ఆయన కళ్లు మూసుకునే ఉన్నాడు. “ఇగ మూడు,” అన్నాడు. మూడు పడింది. నేను అద్దంలో చిన్నమ్మ మొహం చూశాను. భయం లేదు. సముద్రం చూసి వచ్చినప్పుడు కూడా ఆ మొహం అలా లేదు.

గురువారం పాసయింది. నేను ఫారం మీద ముద్ర పడేదాకా అక్కడే నిలబడ్డాను. దీపావళి తర్వాత బుద్వేల్ రాములు వస్తే చిన్నాయన మిఠాయి పెట్టి, చాయ్ ఇచ్చి, చల్లగా పంపించేశాడు. రాములు మొహం మాడ్చుకునే పోయాడు, పాపం.

కార్తీకంలో ఒక సోమవారం పొద్దున బయలుదేరారు. చక్రాల కింద నిమ్మకాయలు నేనే పెట్టాను. తుక్కుగూడ దాకా వస్తాను, అక్కడ బస్సెక్కి నా బల్ల దగ్గరికి పోతానని వెనక పలక మీద కూర్చున్నాను. ఎయిర్‌పోర్టు గోడ వెంట బండి పోతోంది.

“ముంగట ఏమున్నది?” అన్నాడు చిన్నాయన.

“ట్రాక్టర్ పోతున్నది. జొన్న చొప్ప. మీద ఒక ముసలాయన పండుకున్నడు, తువ్వాల మొకం మీదేసుకొని,” అంది చిన్నమ్మ. “ఎడమకు కొత్త మొక్కలు నాటిన్రు, ఎర్ర పూలు. ఇగో, విమానం దిగుతున్నది, కాళ్లు బయటకొచ్చినయి.”

“ఎంత పెద్దది?”

“పెద్దదే. పొట్ట తెల్లగున్నది. గడ్డి మీద దాని నీడ ఉరుకుతున్నది.”

ఆయన తల వెనక్కు వాల్చి, పెదవుల మీద నవ్వుతో వింటున్నాడు. గుమ్మంలో గరిటె పట్టుకుని నిలబడి ఈమె ఎలా వినేదో నాకు గుర్తొచ్చింది. ఇప్పుడు ఇద్దరూ కూర్చునే ఉన్నారు. తుక్కుగూడ వచ్చింది. ఆపమనాలి. నోరు రాలేదు. బండి శ్రీశైలం రోడ్డెక్కింది.

“ఎంత దూరమొచ్చినమే?” అన్నాడు కాసేపటికి.

చిన్నమ్మ రోడ్డు మీద నుంచి చూపు తిప్పలేదు. “ఏమో. నాలుగు గజాలైతే దాటినం,” అంది.

నేను చాలా ఊళ్లు దాటాక కడ్తాల్‌లో దిగాను. ఆ రోజు బల్ల తెరవలేదు.